మదురై సౌరాష్ట్ర నేతవారిలో పేరు పొందినవారు ఎవరెవరు?

మీరు అడిగినవి రెండు సంగతులు. తమిళనాడులోని సౌరాష్ట్ర నేతవారిలో గాయకుడు టి.ఎం.సౌందరరాజన్ తప్ప మరో పేరు మీకు దొరకలేదు, మీ అబ్బాయి కాలేజీ వ్యాసానికి ఇంకొన్ని కావాలి. రెండోది, ‘వాళ్ళు అసలు తెలుగువాళ్ళే’ అని మీ మేనమామగారు అంటున్నారు, నిజమేనా అని. నేను ముప్ఫై ఏళ్ళు చేనేత చీరల టోకు వ్యాపారం చేశాను. సుంగుడి అనే చుక్కల నూలు చీరల కోసం ఏడాదికి రెండుసార్లు మదురై వెళ్ళేవాణ్ణి. సరుకు సిద్ధమయ్యేదాకా ఆ ఇళ్ళలో కూర్చుని విన్న మాటలు, ఆ తరువాత ఆసక్తి పుట్టి చదివినవి కలిపి చెబుతున్నాను.

ముందు మీ అబ్బాయి పంపిన జాబితా సంగతి. అందులో సగం పేర్లు తీసేయండి. అన్నాదురై గొప్ప నాయకుడే, నేత కుటుంబంలో పుట్టినవారే, కానీ సౌరాష్ట్రుడు కాదు. తమిళదేశంలో మగ్గం పట్టిన కులం ఒక్కటి కాదు. కంచి, ఈరోడ్, సేలం వైపు సెంగుందర్లు ఉన్నారు, వాళ్ళనే కైకోలర్ అంటారు. మన నగరి, పుత్తూరు వైపు కూడా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల పట్టికలో ‘కైకోల, సెంగుందం’ అని కనిపించేది వీళ్ళే. దేవాంగులు వేరు, సాలియర్లు వేరు, సౌరాష్ట్రులు వేరు. పన్నెండో శతాబ్దంలో ముగ్గురు చోళరాజుల కొలువులో వరసగా ఆస్థానకవిగా ఉన్న ఒట్టకూత్తర్ సెంగుందరుడు. 1909లో కంచిలో పుట్టిన అన్నాదురై సెంగుందరుడు. 1932 జనవరిలో తిరుప్పూరులో పోలీసుల లాఠీ దెబ్బలకు ఒరిగిపోతూ కూడా జెండా వదలని కుమరన్, చెన్నిమలై నేత కుటుంబపు బిడ్డ, ఆయనా సెంగుందరుడే. వీళ్ళందరినీ ‘తమిళ నేతవారు’ అని ఒకే గాటన కట్టేసిన జాబితాలు కంప్యూటర్ తెరిస్తే బోలెడు. ఇంకో చిక్కు ‘ముదలియార్’ అన్న బిరుదు. అది సెంగుందర్లకే కాదు, నేతతో ఏ సంబంధమూ లేని వేరే కులాలకూ ఉంది. పేరు చివర ముదలియార్ కనబడగానే మగ్గం ఉందనుకోవడం మన దగ్గర ‘రావు’ అనే ప్రతివాణ్ణీ ఒకే కులంలో వేయడం లాంటిదే.

ఇక సౌరాష్ట్రులు. మీ మేనమామగారి మాట తప్పు, కానీ ఆయన ఎందుకు పొరబడ్డారో నాకు తెలుసు. వాళ్ళ ఇంటిభాష సౌరాష్ట్రం. అది గుజరాతీ, మరాఠీల వైపు భాష, ద్రావిడభాష కాదు. అయితే దాని నిండా తెలుగు, కన్నడ మాటలు కలిసిపోయాయి. వాళ్ళు చెప్పుకునే దారి ఇలా ఉంటుంది: గుజరాత్ తీరం నుంచి దేవగిరి, అక్కడి నుంచి విజయనగరం, 1565లో ఆ రాజ్యం కూలాక దక్షిణాన నాయకరాజుల నీడకు. పెళ్ళి సంబంధం కుదిరేటప్పుడు రెండు వైపుల వాళ్ళూ ‘మీరెక్కడి నుంచి వచ్చారు, ఎటుగా వచ్చారు’ అని ప్రశ్నా జవాబులుగా చెప్పుకునే ‘బౌలా’ అన్న ఆచారం ఒకటి ఉండేది. ఊళ్ళు మారిన కథ అందులో దాచుకున్నారు. మదురైలో తిరుమల నాయకుడు (పాలన 1623 నుంచి 1659) వీళ్ళను ఆదరించాడు. ఈనాటికీ ఆయన మహలు చుట్టుపక్కల వీధులే వాళ్ళ పాత పేటలు. నాయకుల కొలువు భాష తెలుగు కదా. అంటే విజయనగరం నుంచి మదురై దాకా ఈ జనం తెలుగు రాజుల కింద, తెలుగు వింటూ బతికారు. ఇంటిపేరు ముందు పెట్టుకునే అలవాటు మనకున్నట్టే వాళ్ళకూ ఉంది. కీర్తన రాయాలంటే తెలుగులో రాశారు. ఇవన్నీ చూసినవాళ్ళు తెలుగువాళ్ళే అనుకోవడంలో వింత లేదు. తమిళులు వీళ్ళను పిలిచే పేరు పట్నూల్‌కారర్. పట్టు, నూలు, మనకు అర్థం చెప్పనక్కర లేదు.

ఇక్కడ ఒక సరదా సంగతి. మధ్యప్రదేశ్‌లోని మందసోర్‌లో క్రీ.శ. 473 నాటి శాసనం ఉంది. లాట దేశం నుంచి, అంటే దక్షిణ గుజరాత్ నుంచి, వలస వచ్చిన పట్టు నేతగాళ్ళ సంఘం సూర్యుడికి గుడి కట్టించిందని, అది పాడైతే బాగు చేయించిందని వత్సభట్టి అనే కవి అందులో రాశాడు. వచ్చినవాళ్ళలో కొందరు విలువిద్యలోకి, కొందరు కథలు చెప్పడంలోకి, కొందరు జ్యోతిషంలోకి వెళ్ళారట, మిగిలినవాళ్ళు మగ్గం మీదే ఉన్నారట. మదురైవాళ్ళు ఆ నేతగాళ్ళు మా తాతలే అంటారు. అంత దూరం కట్టుదిట్టంగా గీత గీయలేం. కానీ మగ్గం దిగి వేరే విద్యలో పేరు తెచ్చుకున్న నేతవాళ్ళ జాబితా పదిహేను వందల ఏళ్ళ కిందటే రాతి మీద చెక్కి ఉందన్న మాట మీ అబ్బాయి వ్యాసానికి పనికొస్తుంది.

సరే, పేర్లలోకి వద్దాం. నా లెక్కలో మొదటి పేరు సౌందరరాజన్ కాదు, వాలాజాపేట వేంకటరమణ భాగవతార్. తెలుగువాళ్ళకు మాత్రం కచ్చితంగా ఆయనే మొదటివారు కావాలి. 1781లో పుట్టారు, 1874 దాకా జీవించారు. తంజావూరు దగ్గర అయ్యంపేటలో ఉంటూ తిరువయ్యారుకు నడిచి వెళ్ళి త్యాగరాజస్వామి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. తరువాత ఉత్తర ఆర్కాటు వైపు వాలాజాపేటలో స్థిరపడ్డారు, ఆ ఊరే ఆయన పేరుకు ముందు నిలిచింది. గురువు మీద సంస్కృతంలో మంగళాష్టకం రాశారు. సొంతంగా తెలుగులో, సంస్కృతంలో, తన సౌరాష్ట్ర భాషలో రచనలు చేశారు. కొడుకు కృష్ణస్వామి భాగవతార్ కూడా త్యాగరాజు శిష్యుడే, గురువు జీవితచరిత్ర రాసినవాడు.

వీళ్ళిద్దరూ చేసిన అసలు పని రాసిపెట్టడం. త్యాగరాజు కూర్చుని పుస్తకం కూర్చిన మనిషి కాదు. పాట పుట్టేది, శిష్యులు పట్టుకునేవారు. ఆ శిష్యపరంపరలు ముఖ్యంగా మూడు: ఉమయాళ్పురం, తిల్లైస్థానం, వాలాజాపేట. ఒకే కీర్తనకు మూడు చోట్లా పాఠభేదాలు ఉంటాయి, సంగతులు (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరులు) మారతాయి. అందులో వాలాజాపేట వారి రాతప్రతులు పరిశోధకులకు పెద్ద ఆధారం అయ్యాయి. అవి చేరింది ఎక్కడికో తెలుసా? మదురైలోని సౌరాష్ట్ర సభకు. త్యాగరాజు నిత్యం పారాయణ చేసుకున్న పోతన భాగవతం ప్రతి కూడా అక్కడికే చేరిందని సంగీత చరిత్రకారులు రాశారు. ఒక్కసారి ఊహించుకోండి. ఓరుగల్లు పోతన పద్యాలు, కాకర్ల ఇంటి త్యాగయ్య చేతుల్లో నలిగి, చివరికి గుజరాత్ మూలాలున్న నేతవారి సంఘం బీరువాలో భద్రంగా ఉన్నాయి.

నాకు సరుకు ఇచ్చే ఇంట్లో ఒక పెద్దాయన ఉండేవారు. నేను తెలుగువాణ్ణని తెలిసిన రోజు నుంచి నన్ను ‘అయ్యా’ అనడం మానేసి ‘స్వామీ’ అనేవారు. సాయంత్రం భజన మఠంలో వాళ్ళు పాడే తెలుగు కీర్తనలో ఒక మాట అర్థం అడిగారు నన్ను. నేను చెప్పలేకపోయాను. తలదించుకున్నాను. ఆయన నవ్వి, తాతగారు చెప్పారంటూ ఆ పాదానికి అర్థం తమిళంలో నాకే విడమరిచారు. త్యాగయ్య మీవాడే స్వామీ, దాచుకున్నది మేము, అన్నారు. వెక్కిరింపు లేదు ఆ గొంతులో. ఆ తరువాతి ప్రయాణానికి నేను బయలుదేరే ముందు కీర్తనల పుస్తకం ఒకటి కొనుక్కుని, చదువుకుని మరీ వెళ్ళాను.

వాలాజాపేట వారి శిష్యుల్లో మైసూరు సదాశివరావు ఒకరు. ఆయన సౌరాష్ట్రుడు కాదు, మరాఠీ కుటుంబం, పుట్టింది మన చిత్తూరు గిరింపేటలో. త్యాగరాజు వాలాజాపేటకు వచ్చినప్పుడు సదాశివరావు తోడి రాగంలో ఒక కీర్తన కట్టి ఆయన ఎదుట పాడారని చెబుతారు. సదాశివరావు ద్వారా ఈ బాణీ మైసూరు సంస్థానం దాకా పాకింది. అయ్యంపేటలోనే పుట్టిన వేంకటసూరి కూడా ఈ గుంపులోని మనిషే. సౌరాష్ట్ర భాషలో సంగీత రామాయణం రాశారు. రామకథను తమ ఇంటిభాషలో పాడుకోవడానికి ఆ జనానికి దొరికిన పెద్ద గ్రంథం అదే.

తరువాతి పేరు నటనగోపాల నాయకి స్వాములు (1843-1914). మదురైలో నేత కుటుంబంలో పుట్టారు, అసలు పేరు రామభద్రుడు. చిన్నప్పుడు చదువు మీద మనసు లేదు, మగ్గం మీదా లేదు. పరమకుడిలో ఒక సిద్ధుడి దగ్గర యోగం పట్టారు, ఆ తరువాత ఆళ్వార్‌తిరునగరిలో వడపత్రార్యుల దగ్గర వైష్ణవ దీక్ష తీసుకున్నారు. అప్పటి నుంచి ఆయన దారే మారింది. తాను నాయిక, అళగర్ కోయిల్ పెరుమాళ్ళు నాయకుడు. చీర కట్టి, నగలు పెట్టుకుని, గజ్జెలతో వీధుల్లో ఆడుతూ పాడుతూ వెళ్ళేవారు. తమిళంలోనూ సౌరాష్ట్రంలోనూ పాడారు. మగ్గం ముందు కూర్చున్నవాళ్ళకు నోటికి వచ్చే మాటల్లో ఉంటాయి ఆయన పాటలు, అందుకే ఇప్పటికీ భజనల్లో నిలిచాయి. అళగర్ కోయిల్ దారిలో కాదక్కిణరు దగ్గర ఆయన బృందావనం, అంటే సమాధి, ఉంది. మనకు క్షేత్రయ్య తెలుసు కదా, ఆ నాయికా భావాన్ని పదంలో పెట్టినవాడు. ఈయన దానిని ఒంటి మీద వేసుకున్నారు.

భాష సంగతి వచ్చింది కాబట్టి టి.ఎం.రామరాయ్ పేరు రాసుకోండి. ఇంట్లో మాట్లాడే భాషకు సొంత లిపి వాడకం దాదాపు పోయిన కాలంలో ఆయన ఆ అక్షరాలకు అచ్చు రూపం ఇచ్చి, వాచకాలు వేసి, పిల్లలకు నేర్పాలని పట్టుబట్టారు. తమిళ లిపి చాలు, దేవనాగరి మేలు అని కులంలోనే వాదులాటలు జరిగాయి. తెలుగు లిపిలోనూ ఆ భాషను రాసిన రోజులున్నాయి. 2008లో సౌరాష్ట్ర లిపికి యూనికోడ్‌లో చోటు దక్కింది. ఫోనులో ఆ అక్షరాలు కనిపిస్తున్నాయంటే ఆ పట్టుదలకు అందులో వాటా ఉంది.

ఇప్పుడు సౌందరరాజన్. టి.ఎం.ఎస్. 1922 మార్చి 24న మదురైలో పుట్టారు. మన ఘంటసాల కూడా అదే ఏడాది డిసెంబరులో పుట్టారు. ఇద్దరి పనీ ఇంచుమించు ఒకటే. ఇక్కడ రామారావుకీ నాగేశ్వరరావుకీ ఘంటసాల ఎలాగో, అక్కడ ఎం.జి.ఆర్.కీ శివాజీకీ టి.ఎం.ఎస్. అలాగ. కళ్ళు మూసుకుని విన్నా తెర మీద ఉన్నది ఏ హీరోనో చెప్పగలిగేలా గొంతు మార్చేవారు. మొదట్లో ఆనాటి తమిళ నటగాయకుడు ఎం.కె.త్యాగరాజ భాగవతార్ బాణీలో పాడి, ఆ నీడలోంచి బయటపడటానికి చాలా ఏళ్ళు పట్టింది. మురుగన్ మీద ఆయన పాడిన భక్తిగీతాలు తమిళ గుళ్ళలో ఇప్పటికీ పొద్దున్నే మోగుతాయి. 2003లో పద్మశ్రీ వచ్చింది. నన్నడిగితే చాలా ఆలస్యంగా వచ్చింది. 2013 మే 25న చెన్నైలో పోయారు. ఆయన తండ్రి గుళ్ళలో భజనలు పాడినవారు. నేతవాళ్ళ పేటలో సాయంత్రం భజన అంటే పిల్లలకు డబ్బు ఖర్చు లేని సంగీత పాఠశాల. టి.ఎం.ఎస్. గొంతు మూలం వెతికితే చివరికి ఆ పేటలోకే చేరతాం.

రాజకీయాల్లో ఒక్క పేరు చాలు: ఎన్.ఎం.ఆర్.సుబ్బరామన్ (1905-1983). ‘మదురై గాంధీ’ అనేవారు. డబ్బున్న ఇంట్లో పుట్టి స్వాతంత్ర్య ఉద్యమంలోకి దిగారు, మదురై పురపాలక సంఘానికి అధ్యక్షుడిగా పనిచేశారు, 1962లో లోక్‌సభకు గెలిచారు. 1934లో గాంధీ మదురై వచ్చినప్పుడు ఆయన ఇంట్లో బస చేశారు. అప్పుడు మీనాక్షి గుడిలోకి దళితులను రానిచ్చేవారు కాదు, అందుకని గాంధీ కూడా లోపలికి వెళ్ళలేదు. 1939 జూలై 8న మదురై కాంగ్రెస్ నాయకుడు వైద్యనాథ అయ్యర్ దళితులను వెంటబెట్టుకుని ఆ గుడిలోకి నడిచారు. ఆ పనికి అండగా నిలిచినవాళ్ళలో సుబ్బరామన్ ముందువరసలో ఉన్నారు, ఆలయ కార్యనిర్వహణాధికారి ఆర్.ఎస్.నాయుడు తలుపులు తెరిచి ఉంచారు. గాంధీ మీనాక్షిని చూసింది 1946లో. ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకే బాగుండదు. 1705 ప్రాంతంలో ఉపాకర్మ, అంటే జంధ్యం మార్చుకునే కర్మ, చేసుకున్నందుకు పద్దెనిమిది మంది సౌరాష్ట్రులను మదురై అధికారి పట్టి బంధిస్తే, రాణి మంగమ్మ పండితుల సభ పెట్టించి, వాళ్ళకు ఆ హక్కు ఉందని తాటాకు మీద రాసి ఇచ్చిందని ఆ కులం గర్వంగా చెప్పుకుంటుంది. తమ ఆచారపు హక్కు కోసం అంత పోరాడిన కులంలోని మనిషి, రెండు వందల ఏళ్ళ తరువాత మరొకరి హక్కు కోసం గుడి తలుపు దగ్గర నిలబడ్డాడు. సుబ్బరామన్ పేరు జాబితాలో ఉండాలనడానికి నాకు ఎం.పి. పదవి కంటే ఇది పెద్ద కారణం.

సాహిత్యంలో ఎం.వి.వెంకట్రామ్ (1920-2000). కుంభకోణం మనిషి. తమిళ రచయిత తి.జానకిరామన్ ఆయనకు స్నేహితుడు. ‘మణిక్కొడి’ అనే తమిళ సాహిత్య పత్రిక నాటి రచయితల్లో వెంకట్రామ్ చిన్నవాడు. పట్టు జరీ వ్యాపారం చేసి బాగా సంపాదించారు. 1948లో ‘తేనీ’ అనే పత్రిక పెట్టి డబ్బు పోగొట్టుకున్నారు. జరీ వ్యాపారం ఎలాంటిదో నాకు కొంత తెలుసు. పెళ్ళిళ్ళ కాలంలో చేతినిండా డబ్బు, మిగతా రోజుల్లో వడ్డీ లెక్క. అలాంటి బేరంలో ఉన్నవాడు సాహిత్య పత్రిక పెట్టాడంటే దుకాణంలో ఉన్నవాళ్ళు తలలు పట్టుకుని ఉంటారు. తన నేతవారి బతుకు మీద ‘వేళ్వి తీ’ అనే నవల రాశారు. చెవుల్లో వినవస్తూ పీడించే గొంతుల మధ్య నలిగిపోయే మనిషి కథ ‘కాదుగళ్’కు 1993లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మగ్గం చప్పుడు మధ్య పెరిగి, చెవుల మీదే నవల రాసిన మనిషి.

మీ ప్రశ్నలో లేదు కానీ, సుంగుడి గురించి రెండు ముక్కలు రాస్తాను, ఆగలేక. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఎండాకాలంలో కట్టే మెత్తని నూలు చీర, దాని మీద చిన్న చిన్న చుక్కలు, అదే. ఆ చుక్క అచ్చు వేసింది కాదు, ముడి వేసింది. నేను చూసిన ఇంట్లో ఒకావిడ తెల్లబట్టను మడతలు వేసి ఒళ్ళో పెట్టుకుని, గోటి కొనతో ఆవగింజంత బట్ట పైకి లాగి, దారం చుట్టి బిగించేవారు. మళ్ళీ అరంగుళం పక్కన ఇంకొకటి. మాట్లాడుతూనే ఉండేవారు, వేళ్ళు ఆగేవి కావు. ఇలా చీరంతా వేల ముడులు. తరువాత రంగులో ముంచి, ఆరబెట్టి, ముడులు విప్పితే ఒక్కో ముడి చోట తెల్లని ఉంగరం లాంటి చుక్క మిగులుతుంది. మదురై వైగై నది నీళ్ళకు ఆ రంగు తేలుతుందని వాళ్ళ నమ్మకం. 2005లో మదురై సుంగుడికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకసారి ఒక వ్యాపారి నాకు ముడి చీరలని చెప్పి అచ్చు వేసినవి ఎనభై అంటగట్టాడు. తొందరలో విప్పి చూడలేదు. అచ్చు చుక్కలన్నీ గుండ్రంగా ఒక్క పోలికలో ఉంటాయి. చేత్తో కట్టిన చుక్క కాస్త నాలుగు పలకలుగా ఉండి, నడుమ రంగు చుక్క దాక్కుని ఉంటుంది, పక్కదానితో పోలదు. ముడి వేసిన చోట బట్ట వేలికి కొంచెం ఉబ్బుగా తగులుతుంది, ఒకటి రెండు ఉతుకుల దాకా.

మీ అబ్బాయి ఇంకా పేర్లు వెతుకుతానంటే ఒక సూచన. ఈ కులంలో పేరు చివర అయ్యర్, అయ్యంగార్, రావు, భాగవతార్ ఏదైనా ఉండవచ్చు. టి.ఎం.ఎస్. తండ్రి మీనాక్షి అయ్యంగార్, సుబ్బరామన్ తండ్రి రాయలు అయ్యర్. తోక చూసి పోల్చుకోలేరు. ముందున్న పొట్టి అక్షరాలు విప్పించండి. టి.ఎం.ఎస్.లో టి అంటే తొగులువ, అది ఇంటిపేరు. ఊరు చూడండి: మదురై, పరమకుడి, కుంభకోణం, సేలం, దిండుక్కల్, అయ్యంపేట, ఆరణి, వాలాజాపేట. ఇంటిపేరు, ఊరు రెండూ సరిపోయాకే పేరు రాసుకోమనండి.